రీఫ్ ట్యాంకు ఇసుకకు ఏ నత్తలు వేయాలి, ఎన్ని వేయాలి, ఎలా నిలబెట్టుకోవాలి

“నా ట్యాంకు ఇన్ని లీటర్లు, ఇసుక శుభ్రంగా ఉండాలంటే ఎన్ని నత్తలు వేయాలి?” రీఫ్ ట్యాంకు, అంటే పగడాలుండే ఉప్పునీటి అక్వేరియం పెట్టినవాళ్లు పదేపదే అడిగేది ఇదే. లీటర్లు తెలిసినంత మాత్రాన దీనికి జవాబు చెప్పలేం. నత్త తినేది నీటిని కాదు, ఇసుక మీద పేరుకున్నదాన్ని. అక్కడ ఏం పేరుకుందో తెలిస్తే ఏ నత్త కావాలో తెలుస్తుంది. ఎంత పేరుకుంటోందో తెలిస్తే ఎన్ని కావాలో తేలుతుంది. ఈ వరుస తప్పినవాళ్ల ట్యాంకుల్లోనే నత్తలు రెండు మూడు నెలల్లో ఆకలితో చచ్చిపోతుంటాయి. చనిపోయినవి ఇసుకలోనే కుళ్లిపోతాయి కాబట్టి చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- సైక్లింగ్ (వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా ట్యాంకులో స్థిరపడటం) పూర్తయిన ట్యాంకు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి.
- 0.5 నుంచి 2 మి.మీ. రేణువులున్న ఇసుక, 3 నుంచి 5 సెం.మీ. మందాన. 3 మి.మీ. దాటిన పగడపు ముక్కలైతే నసారియస్ నత్త దూరలేదు, కాంక్ నత్త మేయలేదు (వీటి గురించి కింద 2లో).
- ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్. దాన్ని 35 పీపీటీ (వెయ్యికి 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. మంచినీళ్లతో సున్నా దగ్గర సరిచూస్తే సరిపోదు, పై అంకెల దగ్గర తేడా అలాగే మిగిలిపోవచ్చు.
- ఎయిర్ పంపుకు వాడే సన్న గొట్టం, నీటి చుక్కల వేగం తగ్గించే చిన్న వాల్వు, రెండు లీటర్ల ప్లాస్టిక్ పెట్టె.
- ఎర్ర కాంతి టార్చి, పాత టూత్‌బ్రష్.
- ట్యాంకు సెకండ్ హ్యాండ్‌దైతే రాగి కొలిచే కిట్. ఆ ట్యాంకులో ఎప్పుడైనా చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే ఇసుక, రాళ్లు ఆ రాగిని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. చేపలు తట్టుకునే మోతాదు కూడా నత్తల ప్రాణం తీస్తుంది.

నీటి కొలతలు ఈ హద్దుల్లో ఉండాలి: ఉష్ణోగ్రత 24–26 డిగ్రీల సెల్సియస్, స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనాన్ని చెప్పే సాంద్రత కొలత) 1.025–1.026, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాపాడే గుణం) 8–11 డీకేహెచ్, క్యాల్షియం 400–450 పీపీఎమ్ (పది లక్షల పాళ్లలో).

1. ఇసుకను చదవండి

లైట్లు వెలిగిన మూడు నాలుగు గంటల తర్వాత ఇసుకను దగ్గరగా చూడండి. రాత్రి లైట్లు ఆరిన గంటకు ఎర్ర టార్చితో మరోసారి చూడండి.

చేపలు వదిలేసిన మేత ముక్కలు ఇసుకలో కనిపిస్తే మీకు కావలసింది మిగిలిన మాంసం తిని శుభ్రం చేసే నత్త, అంటే నసారియస్.

గోధుమరంగు పొడి పొర కనిపించి, వేలు తగలగానే లేచిపోతే అవి డయాటమ్స్ అనే సూక్ష్మ నాచు. కొత్త ట్యాంకులో ఇవి రావడం మామూలే, చాలాసార్లు కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. సెరిత్, కాంక్ నత్తలు వీటిని తింటాయి. నెలల తరబడి పోకుండా ఉంటే మాత్రం మీరు వాడే నీటిలో సిలికేట్ ఉన్నట్టు. ఆర్వో డీఐ ఫిల్టర్‌లో (నీటిలోని లవణాలను తీసేసే ఫిల్టర్) రెజిన్ గుళికలు మార్చాల్సిన చోట నత్తలు కొని లాభం లేదు.

సన్నటి ఆకుపచ్చ పొర ఉంటే అది సెరిత్‌కూ కాంక్‌కూ మంచి మేత.

ఎరుపు లేదా ముదురు ఊదా రంగులో, బుడగలతో, చాపలా ఒకే పొరగా లేచేది సయనోబ్యాక్టీరియా. దీనికోసం నత్తలు కొనొద్దు. కొన్ని సెరిత్‌లు అంచులు కొరుకుతాయి తప్ప పొర మొత్తం తినవు. సైఫన్ గొట్టంతో లాగేయండి, ఆ మూలకు నీటి ప్రవాహం పెంచండి, ఫాస్ఫేట్, నైట్రేట్ కొలిచి చూడండి.

ఇసుక గట్టిపడి గడ్డ కట్టిందా? ఆల్కలినిటీ ఎక్కువైనా, మందులు ఒకేచోట ఒంపినా ఇలా అవుతుంది. ముందు ఆ గడ్డలు చేత్తో విరవండి. నత్తలకు వాటిని విరిచే బలం ఉండదు.

2. జాతిని ఎంచుకోండి

రీఫ్ ట్యాంకులో నమ్మకంగా పనిచేసే గుంపులు మూడే.

*నసారియస్.* ఇసుకలో పూర్తిగా మునిగి, ఒక సన్నటి గొట్టం మాత్రమే పైకి పెట్టి వాసన పడుతూ ఉంటుంది. మేత నీటిలో పడగానే ఇసుక చీల్చుకుని లేచి వస్తుంది. అలా రోజూ లేవడం, మునగడం వల్ల పై రెండు మూడు సెంటీమీటర్ల ఇసుక కదులుతూ ఉంటుంది. చిన్నవి (నసారియస్ వైబెక్స్) సాధారణంగా ఒకటిన్నర సెంటీమీటర్ల లోపు ఉంటాయి. టోంగా నసారియస్ పేరుతో అమ్మేవి రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి, ఇసుకను ఎక్కువగా కదిలిస్తాయి. ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి: నసారియస్ నాచు తినదు. గోధుమరంగు పొర పోవాలని ఇరవై నసారియస్‌లు తెచ్చి వేసినా ఆ పొర అలాగే ఉంటుంది.

*సెరిత్.* పొడవుగా, కోసుగా ఉండే గుల్ల. పగలు ఇసుక పైపొరలోనో రాళ్ల మొదట్లోనో ఉంటుంది, రాత్రి అద్దం మీదకూ రాళ్ల మీదకూ ఎక్కుతుంది. డయాటమ్స్, సన్న నాచు, కుళ్లిన పదార్థం అన్నీ తింటుంది. ఒకే జాతి కొనగలిగితే సెరిత్ కొనండి. చిన్న ట్యాంకులో కూడా ఆకలికి చావదు, ఇరుకు సందుల్లోకి వెళ్తుంది, ఇసుకకూ అద్దానికీ రెండింటికీ పనికొస్తుంది. అద్దం మీద మెలికలు తిరిగిన సన్న తీగలాంటి గీతలు కనిపిస్తే అవి దాని గుడ్లు. గీకేయనక్కర్లేదు.

*కాంక్.* ఫైటింగ్ కాంక్ (స్ట్రాంబస్ అలాటస్), స్ట్రాబెర్రీ కాంక్ (కోనోమ్యూరెక్స్ లుహువానస్) ఇంటి ట్యాంకుకు తగినవి. కాడల చివర కళ్లు, పొడవాటి తొండం. ఆ తొండంతో ఇసుక పైభాగాన్ని అంగుళం అంగుళం మేస్తుంది. నడవడానికి, గుల్ల నోటి దగ్గరుండే కొడవలిలాంటి మూతను ఇసుకలో గుచ్చి ఎగిరినట్టు ముందుకు దూకుతుంది. పేరులో ఫైటింగ్ ఉన్నా చేపలను, పగడాలను ఏమీ చేయదు. మగవి ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, అంతే. గోధుమరంగు పొరను ఇది తీసినంత శుభ్రంగా మరే నత్తా తీయదు. కానీ దానికి మేత మైదానం కావాలి. నాలుగు నెలలు నిండని ట్యాంకులో వేయొద్దు.

కాంక్ కొనేటప్పుడు గుల్ల పెదవి చూడండి. ఈ కుటుంబంలో పెదవి బయటికి విచ్చుకుని మందపడిందంటే గుల్ల పొడవు ఇక పెరగదు. సన్నటి, పదునైన పెదవి ఉందంటే అది ఇంకా పిల్ల, ఎంతవుతుందో చెప్పలేం. క్వీన్ కాంక్ పిల్లలు ఫైటింగ్ కాంక్ పేరుతో చేతికి వస్తే తేడా పట్టడం కష్టం. అది 30 సెం.మీ. దాకా పెరిగే జీవి. 1992 నుంచి సైటీస్ (ముప్పున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి దేశాల మధ్య దాని వ్యాపారానికి అనుమతి పత్రాలు కావాలి. ఇంటి ట్యాంకులో దానికి చోటు లేదు.

3. వీటిని పక్కన పెట్టండి

*బురద నత్త (ఇల్యానాసా ఆబ్సొలెటా).* నసారియస్ పేరుతో ఎక్కువగా చేతులు మారేది ఇదే. చల్లటి నీటి తీరాలది, 25 డిగ్రీల్లో ఎక్కువకాలం బతకదు. గుల్ల నల్లగా లేదా ముదురు గోధుమగా, మొన అరిగి మొద్దుబారి ఉంటుంది. అసలైన వైబెక్స్ గుల్ల లేత రంగులో, గుబ్బలతో, కోసుగా ఉంటుంది. ఇంకా నమ్మకమైన గుర్తు పాదం: నత్త అద్దం మీద పాకుతున్నప్పుడు అడుగు నుంచి చూడండి. పాదం వెనుక చివర రెండు చిన్న తోకలు ఉంటే నసారియస్. లేకపోతే తీసుకోవద్దు.

*ఆలివ్ నత్త.* నున్నగా మెరుస్తూ అందంగా ఉంటుంది, ఇసుకలో చాలు వేసినట్టు దున్నుతూ పోతుంది. వేటాడే జాతి. చిన్న నత్తలు, ఆల్చిప్పలు, పురుగులు దాని ఆహారం.

*బాబిలోనియా.* తెల్లటి గుల్ల మీద గోధుమరంగు మచ్చలు. మాంసాహారి. ఆకలేస్తే ట్రైడాక్నా క్లామ్ (పెద్ద ఆల్చిప్ప) పక్కన దాన్ని నమ్మలేం.

*మూన్ నత్త.* గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఆల్చిప్పలకు రంధ్రం తొలిచి తింటుంది.

*బంబుల్‌బీ నత్త.* పసుపు నలుపు చారలు. ఇసుకలో తిరుగుతుంది నిజమే, కానీ ఇసుకను బతికించే చిన్న పురుగులనే తినేస్తుంది.

*కోన్ నత్త.* దీన్ని చేత్తో తాకొద్దు. శంకువు ఆకారం, పొడవాటి సన్నటి నోరు, అందమైన నగిషీ. విషపు ముల్లుతో కుడుతుంది. కోనస్ జియోగ్రాఫస్ కుట్టి మనుషులు చనిపోయారు. సముద్రపు ఒడ్డున ఏరిన గుల్లలను ట్యాంకులో వేయవద్దనడానికి ఇదొక్కటే చాలు.

నత్త కాకపోయినా ఒకటి చెప్పాలి. ఇసుక జల్లించే నక్షత్ర చేప (ఆస్ట్రోపెక్టెన్) ఇసుకను తెల్లగా చేస్తుంది, ఎందుకంటే అందులోని జీవాలన్నీ తినేస్తుంది. అవి అయిపోయాక తనూ చస్తుంది.

4. లెక్క కట్టండి

ఇసుక విస్తీర్ణం కొలవండి, రాళ్ల కింద పోయింది తీసేయండి. ఉదాహరణకు 90 × 45 సెం.మీ. అడుగున్న ట్యాంకులో మొత్తం 0.4 చదరపు మీటర్లు ఉంటుంది. సగం రాళ్ల కింద పోతే మిగిలేది 0.2. ఎత్తు కూడా 45 సెం.మీ. అయితే ఆ ట్యాంకు దాదాపు 180 లీటర్లు. దీనికి మొదటి విడతగా:

- చిన్న నసారియస్ 6, లేదా టోంగా రకం 3
- సెరిత్ 8
- కాంక్ 1 (ఖాళీ ఇసుక ప్రతి 0.2 చదరపు మీటర్లకు ఒకటి, అంతకు మించి వద్దు)

ఆరు వారాలు ఆగండి. అప్పటికీ మేత ముక్కలు మిగిలిపోతుంటే నసారియస్ సంఖ్యను, పొర మిగిలిపోతుంటే సెరిత్ సంఖ్యను సగం మేర పెంచండి. 60 లీటర్ల లోపు ట్యాంకైతే కాంక్ ఊసే వద్దు. నాలుగు సెరిత్‌లు, రెండు మూడు చిన్న నసారియస్‌లు చాలు.

ఇసుక 10 సెం.మీ. దాటి లోతుగా వేసినవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ నత్తలు పైపొరను మాత్రమే కదిలిస్తాయి, అడుగు పొరలను మీరూ కదిలించొద్దు. ఆక్సిజన్ అందని చోట తయారైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా పైకి వస్తే చేపల ప్రాణానికే ముప్పు.

5. కొనేముందు పరీక్షించండి

నత్తను నీటిలోనే వెల్లకిలా పెట్టమని అడగండి. ఆరోగ్యంగా ఉన్న నసారియస్ పాదం చాచి, గుల్లను విసిరినట్టు తిప్పి క్షణాల్లో లేస్తుంది. కాంక్ ముందు కళ్లు బయటపెట్టి చూసి, తర్వాత మూతతో తన్నుకుని లేస్తుంది. సెరిత్‌కు పదిహేను నిమిషాలు పట్టినా తప్పులేదు. గుల్లలో లోతుగా ముడుచుకుని, మూత బిగించి ఉన్నది బతికే ఉంటుంది. పాదం బయటికి వేలాడుతూ, ముట్టుకున్నా లోపలికి లాక్కోకపోతే తీసుకోవద్దు. అనుమానం ఉంటే వాసన చూడండి, చచ్చిన నత్త వాసన పొరపడే రకం కాదు.

గుల్ల నోటి అంచు, మూత చుట్టూ కూడా చూడండి. బియ్యపు గింజలో సగం ఉండే తెల్లటి చిన్న నత్తలు గుంపుగా కనిపిస్తే అవి పిరమిడెల్లిడ్ పరాన్నజీవులు. పెద్ద నత్తల శరీర ద్రవాన్ని పీలుస్తాయి.

6. నీటికి అలవాటు చేయండి

చేపలు ఉప్పదనంలో కొంత తేడాను సర్దుకుంటాయి. నత్తలకు ఆ శక్తి లేదు, బయటి నీరు ఎలా ఉంటే వాటి ఒంట్లో ద్రవం అలా మారిపోతుంది. అందుకే ఈ మెట్టులో తొందర పనికిరాదు.

బ్యాగు మూసి ఉండగానే పావుగంట ట్యాంకు నీటిలో తేలనివ్వండి. తర్వాత నత్తలను బ్యాగు నీటితో సహా పెట్టెలో పోసి, రిఫ్రాక్టోమీటర్‌తో ఉప్పదనం కొలవండి. ట్యాంకు నీటితో స్పెసిఫిక్ గ్రావిటీలో తేడా 0.001 లోపు ఉంటే అరగంట డ్రిప్ (సన్న గొట్టంతో ట్యాంకు నీటిని చుక్కలుగా పెట్టెలోకి వదలడం) చాలు. అంతకు మించితే సెకనుకు మూడు చుక్కల వేగంతో మొదలుపెట్టండి. ఆ వేగంలో గంటకు దాదాపు అర లీటరు నీరు చేరుతుంది. పెట్టెలో పావు లీటరు బ్యాగు నీరు ఉందనుకుంటే, గంట తర్వాత కూడా మొదటి తేడాలో మూడో వంతు మిగిలే ఉంటుంది. కాబట్టి సగం నీరు పారబోసి ఇంకో గంట సాగించండి. ఎప్పుడు ఆపాలో గడియారం చూసి కాదు, పెట్టెలో కొలత ట్యాంకు కొలతతో కలిశాకే ఆపండి.

నత్తలు ఒకరోజుకు మించి బ్యాగులో ప్రయాణించి వచ్చాయా? అప్పుడు పద్ధతి మార్చాలి. బ్యాగు తెరవగానే నీటి పీహెచ్ పెరుగుతుంది, దాంతో పేరుకున్న అమ్మోనియా విషంగా మారుతుంది. అలాంటప్పుడు బ్యాగు నీటి ఉప్పదనానికి సరిపడే కొత్త ఉప్పునీరు పెట్టెలో కలిపి ఉంచి, నత్తలను వెంటనే అందులోకి మార్చి, అక్కడి నుంచి డ్రిప్ మొదలుపెట్టండి.

బ్యాగు నీటిని ఎట్టి పరిస్థితిలోనూ ట్యాంకులో పోయొద్దు. గుల్లలను టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, ట్యాంకు నీటితో కడిగి వేయండి. చేపలకు తెల్లమచ్చల జబ్బు రాకూడదని పట్టుదలగా ఉన్నవాళ్లు నత్తలను చేపలు లేని వేరే ట్యాంకులో 76 రోజులు ఉంచుతారు. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి తిత్తులు గుల్లలను అంటిపెట్టుకుని రాగలవు, తోమడంతో అన్నీ పోవు.

7. ట్యాంకులో వదలండి

లైట్లు ఆర్పేశాక ఒక్కొక్కదాన్నీ చేత్తో తీసుకెళ్లి ఇసుక మీద, పాదం కిందికి ఉండేలా పెట్టండి. పైనుంచి పడేస్తే గుల్ల పెదవి విరుగుతుంది, వెల్లకిలా పడిన సెరిత్‌ను రాత్రిలోగా హెర్మిట్ పీతలు (ఖాళీ గుల్లల్లో ఉండే పీతలు) పట్టేస్తాయి. నసారియస్ నిమిషాల్లో మునిగిపోతుంది. రెండు మూడు రోజులు కనిపించకపోయినా తవ్వి వెతకొద్దు.

వేవ్‌మేకర్ (నీటిలో అలలు పుట్టించే పంపు), మిగతా పంపుల నోళ్లకు స్పాంజి తొడగండి. రాళ్లు ఇసుక మీద నిలబెట్టి ఉంటే కాంక్ వేసేముందే వాటిని ట్యాంకు అడుగు అద్దానికి ఆనేలా దింపండి. నత్త రాయి కింద తవ్వితే అది ఒరుగుతుంది.

8. మేత సంగతి మరవొద్దు

చేపలు తక్కువగా ఉండి మేత మిగలని ట్యాంకులో నసారియస్‌లకు వారానికి రెండుసార్లు శనగగింజంత రొయ్య ముక్కలు, మూడు నత్తలకు ఒకటి చొప్పున వేయండి. గంటలో తినకపోతే తీసేయండి. ఇసుక తెల్లబడిపోయాక కాంక్‌కు పస్తులు మొదలవుతాయి. నోరి ఆకు (ఎండబెట్టిన సముద్రపు నాచు) రెండంగుళాల ముక్కను చిన్న రాయి కింద పెట్టి రాత్రిపూట ఇసుక మీద ఉంచండి, లేదా మునిగే నాచు బిళ్ల వేయండి. అద్దం మీదకు ఎక్కి నాచు గీకుతూ రోజంతా కనిపించే కాంక్‌ను చూసి మురిసిపోకండి, కింద మేత చాలడం లేదన్నమాట.

9. పని జరుగుతోందో లేదో చూడండి

మేత పరీక్ష: పంపులు ఆపి, మునిగే మేత గుళికలు రెండు ఇసుక మీద వేయండి. రెండు నిమిషాల్లో ఎన్ని నసారియస్‌లు లేచాయో లెక్కపెట్టండి. వేసినవాటిలో మూడింట రెండు వంతులు కనిపిస్తే బాగున్నట్టు. నెలకోసారి చేసి రాసుకోండి, అంకె తగ్గుతుంటే వెంటనే తెలుస్తుంది.

ఇసుక పరీక్ష: ముందు అద్దం మీద ఒక మూల చిన్న టేపు అతికించి, ఆ చోటునే వారానికోసారి ఒకే సమయంలో, ఒకే లైటులో ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు. నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అమ్మోనియా పరీక్ష: నత్తలు వేసిన మూడో రోజు, ఏడో రోజు కొలవండి. సున్నా కాకపోతే ఇసుకలో ఏదో చచ్చింది. పెద్ద కాంక్ ఒక్కటి కుళ్లినా చిన్న ట్యాంకు నీరు పాడవుతుంది. తీసేసి, పావు వంతు నీరు మార్చండి.

నైట్రేట్ తగ్గలేదని నిరాశపడొద్దు. నత్త తిన్నది విసర్జనగా మళ్లీ నీటిలోకే వస్తుంది. దాన్ని బయటికి పంపాల్సింది స్కిమ్మర్ (వ్యర్థాన్ని నురుగుగా తీసే పరికరం), నీటి మార్పిడి.

తరచూ జరిగే పొరపాట్లు

నత్తలను వేటాడే చేపలు ఉన్నాయో లేదో చూసుకోకుండా కొనడం మొదటిది. పఫర్, ట్రిగర్ చేపలున్న ట్యాంకులో ఏ నత్తా మిగలదు. హాలికోయరీస్ జాతి రాస్ చేపలు చిన్న నత్తలను ఏరుకుని తింటాయి; వాటి మధ్య పెద్ద కాంక్ ఒక్కటే నిలుస్తుంది.

హెర్మిట్ పీతలకు గుల్లలు వేయకపోవడం రెండోది. ఒక్కో పీతకు, అది వేసుకున్నదానికంటే కొంచెం పెద్దవి రెండు ఖాళీ గుల్లలు ట్యాంకులో ఉంచండి. లేకపోతే మీ సెరిత్ గుల్ల కోసం సెరిత్‌నే చంపుతాయి.

జబ్బు చేసిన చేపలకు ప్రధాన ట్యాంకులోనే మందు వేయడం మూడోది, అన్నిటికంటే ఖరీదైనది. రాగి మందు వేసినా, ఉప్పదనం తగ్గించే చికిత్స చేసినా నత్తలన్నీ పోతాయి. చేపలను వేరే ట్యాంకులోకి మార్చి అక్కడే చికిత్స చేయండి.

ఖాళీ గుల్ల దొరికితే పారేయకముందు తిప్పి చూడండి. గుండ్రటి, నున్నటి చిన్న రంధ్రం ఉంటే తొలిచే వేటనత్త ట్యాంకులో ఉంది. రాత్రి ఎర్ర టార్చితో వెతికి పట్టండి. పెదవి విరిగి ఉంటే పీత లేదా చేప పని. గుల్ల సుద్దలా తెల్లబడి మొన అరిగిపోతే ఆల్కలినిటీ, పీహెచ్ కొలవండి. గుల్లలో ఏ దెబ్బా లేకుండా ఖాళీగా ఉంటే ఆకలిచావు కావచ్చు. అప్పుడు చచ్చినదాని స్థానంలో కొత్తది కొనకుండా మిగిలినవాటికి మేత పెంచి, తర్వాతి నెల మేత పరీక్షలో అంకె నిలబడిందో లేదో చూడండి.